కలము, సిరా, దినచర్య

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ఉపన్యాసము)



వ్యాసమహర్షికి భారతమును చెప్పవలెనను సంకల్పము కలిగినపుడు దానిని వ్రాసిపెట్టువాడొకడు కావలసివచ్చెను. వినాయకుడు అందులకు ఒప్పుకొనెను గాని ఒక నియమము పెట్టెను. వ్రాయుచుండగా తన లేఖిని క్షణమైనను ఆగరాదనెను. వ్యాసుడు తక్కువవాడా? ఆయనయు మారునియమము పెట్టెను. అర్థము తెలియక ఒక్క అక్షరమైనను వ్రాయరాదనెను. సంస్కృత భారతపు ప్రతులలో కొన్నింట కానవచ్చు ఈ కథ పురాణ కాలక్షేపములలో తరచుగా వినబడునదే. ఆ రెండు నియమములలో వ్రాతపని యంతయు ఇమిడియున్నది. కలము ఆగకుండుట మొదటిది. మనస్సు ఆగి, తెలిసికొని, పిమ్మట వ్రాయుట రెండవది.

మొదటి నియమమును మనుష్యుడు యంత్రబుద్ధిచే సాధించెను. దాని ఫలమే ఫౌంటెన్ పెన్ను. రెండవదానిని ఏ యంత్రమును సాధించిపెట్టజాలదు. అది ఎవరికి వారు ప్రతిదినము చేసికొనవలసిన సాధన. దినచర్య వ్రాయుట అట్టి సాధనలలో సామాన్యునికి అందుబాటైనది. ఈ రెంటి నడుమ సిరా యొకటి కలదు. వ్రాసినది ఎంతకాలము నిలుచునో నిర్ణయించునది అదియే. కావున ఈ మూటిని గూర్చియు వరుసగా విచారించుట యుక్తము.

పూర్వము తెలుగుదేశమున వ్రాత తాటాకుపై జరిగెడిది. ఆకులను ఉడికించి, ఆరబెట్టి, సమముగా కోసి, ఇనుపగంటముతో అక్షరములను గీసెడివారు. గంటమునకు సిరా అక్కరలేదు. గీయుట ముగిసిన పిమ్మట మసియు ఆకుపసరును కలిపి రుద్ది తుడిచినచో గీతలలో మాత్రము నలుపు నిలిచి అక్షరము కంటికి కనబడును. ఆ పని దృఢమైనదే గాని వేగము తక్కువ. కాగితము వ్యాపించిన తరువాత రెల్లుకలము, పక్షియీక, ఉక్కుపాళీ వరుసగా వచ్చినవి. వీనిచే వేగము పెరిగెను. కాని కొన్ని మాటలకొకసారి కలమును బుడ్డిలో ముంచవలసియుండెను. ముంచినప్పుడెల్ల ఆలోచన తెగును. ఎక్కువగా ముంచినచో కాగితముపై చుక్క పడును. ప్రయాణములో బుడ్డి ఒలికినచో సంచిలోని బట్టలును పాడగును. వాక్యము నడుమ ఆగి ఆగి వ్రాయుటకు అలవాటుపడిన లేఖకులకు వినాయకుని నియమము ఎంత కఠినమైనదో బాగుగ తెలిసియుండును.

సిరాను కలము కడుపులోనే దాచు ఉపాయమును అనేకులు చాలకాలము వెదకిరి. గొట్టము నిండ సిరా పోసి కొనయందు రంధ్రము పెట్టినంతమాత్రమున అది సక్రమముగా దిగదు. బయటికి వచ్చిన సిరాకు బదులుగా అంత గాలి లోపలికి పోవలెను. గాలి పోకున్నచో సిరా దిగదు. గాలి అధికమైనచో సిరా ఒక్కసారిగా కారిపోవును. 1884లో న్యూయార్కు నగరమున లూయీ ఎడ్సన్ వాటర్‌మన్ అనునాతడు ఈ చిక్కును విప్పి పేటెంటు పొందెను. పాళీ క్రింద నల్లని నాలుకవంటి ముక్క యొకటి యుండును. దానిలో సన్నని కాలువలు కోయబడియుండును. సిరా క్రిందికి దిగుచుండగా గాలి పైకి పోవుటకు అందు మార్గము కలదు. దీపపువత్తి నూనెను పైకి లాగునట్లు సన్నని సందు ద్రవమును తనంతట లాగుకొనును. ఆ గుణముచేతనే పాళీ కాగితమును తాకినపుడు సిరా దిగును, ఎత్తినపుడు ఆగును. చేతితో నొక్కవలసిన పనిలేదు.

మేలిరకపు పెన్నులకు బంగారుపాళీ వేయుట విలాసమునకు మాత్రమే కాదు. సిరాలోని పులుపు బంగారమును తినదు. కాని బంగారము మెత్తనిది, కాగితపు రాపిడికి అరిగిపోవును. అందుచే పాళీ కొనయందు ఇరీడియము జాతికి చెందిన గట్టిలోహపు చిన్నగుండు నతికింతురు. అదియు ఏండ్లు గడచిన కొలది ఆ చేతివాలునకు తగినట్లు రవంత అరుగును. అందుచేతనే కొందరు తమ పెన్నును పరులకిచ్చుటకు వెనుదీయుదురు. అది లోభమని అనుకొనరాదు.

తెలుగుదేశమున ఈ పరిశ్రమ రాజమహేంద్రవరమున వేరూనెను. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయభట్టారకుడు ఆంధ్రభారతమునకు శ్రీకారము చుట్టిన పట్టణమది. భారతమును తెలుగున వ్రాసిన గంటము మొదట కదలిన చోటనే తెలుగువారి పెన్నును పుట్టుట ముచ్చటైన విషయము. గాంధీజీ స్వదేశీబోధచే ప్రేరితుడైన కోసూరి వెంకటరత్నముగారు 1932లో అచ్చట పెన్నులు చేయ మొదలిడిరి. గంధకము కలిపి కాచి గట్టిపరచిన రబ్బరునకు ఎబొనైటని పేరు. దాని కడ్డీని తరిమెనపై త్రిప్పి, లోపల తొలిచి, మరచుట్లు కోసి, నునుపుపెట్టి, ఒక్కొక్క పెన్నును చేతితో తీర్చెడివారు. 1935లో అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘమునకు చెందిన జె. సి. కుమారప్పగారి ద్వారా ఒక పెన్ను గాంధీజీకి చేరెను. ఆయన దానిని వాడిచూచి, బజారులలో దొరకు విదేశపు పెన్నులకు బదులుగా పనికివచ్చునదని మెచ్చుచు జాబు వ్రాసిరి. స్వదేశీ యనునది నూలుతోనే ముగియలేదు, అక్షరమువరకును వచ్చినది. ఆ కాలముననే, 1934లో, వంగదేశమున సులేఖ యను స్వదేశపు సిరా పుట్టెను. కలము స్వదేశముదై సిరా విదేశముదైనచో వ్రాత సగమే స్వతంత్రమగునని ఆనాటివారు గ్రహించిరి.

ఇక సిరా సంగతి. సిరాలను ముఖ్యముగా మూడు తెగలుగా చెప్పవచ్చును. మొదటిది మసిసిరా. దీపపుమసిని తుమ్మబంకతో నూరి నీరు కలుపుదురు. మసి యనగా బొగ్గే. అది ఎండకు వెలవెలబోదు. కాని దాని రేణువులు పెన్ను నాలుకలోని సన్నకాలువలలో పేరుకొని దారిని మూసివేయును. అది రెల్లుకలమునకు తగినది, పెన్నుకు తగదు.

రెండవది ఇనుపసిరా. తెలుగువారు కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి దీనిని చేసెడివారు. ఐరోపావారు మాచికాయను వాడిరి. కరక్కాయలోని వగరును అన్నభేదిలోని ఇనుమును కలిసి మొదట పలుచని రంగునిచ్చును. గాలి తగిలిన కొలది అది నల్లబడి కాగితపునారను పట్టుకొనును. వ్రాయునపుడు కంటికి కనబడుటకై దానిలో నీలిరంగు చేర్చిరి. వ్రాయునపుడు నీలము, ఆరిన పిమ్మట నలుపు. పూర్వపు నీలినలుపు సిరాల మర్మమిదియే. ఒకసారి పట్టిన పిమ్మట నీటికి ఇది చెరగదు. కాని దీనిలో పులుపు కలదు. ఉక్కుపాళీని అది తినును. పాలు తప్పి చేసినచో కాగితమును సైతము తొలిచివేయును.

మూడవది రంగుసిరా. 1856లో ఇంగ్లాండున విలియం పెర్కిన్ అను యువకుడు కీలునూనె సంబంధమగు పదార్థము నుండి ఊదారంగును చేసెను. ఆ దారిలో పుట్టిన రంగులు నీటిలో సులభముగా కరగును. వానితో చేసిన సిరా పెన్నులో హాయిగా పారును, కడిగినచో పోవును. కాని ఆ గుణమే దోషమును. కాగితముపై నీరు పడినచో అక్షరము కరగిపోవును. ఎండతగులు కిటికీ ప్రక్క నుంచినచో పాలిపోవును.

ఇందొక ధర్మసూక్ష్మము కలదు. పెన్నుకు హాయినిచ్చు సిరా వ్రాతకు ఆయువునీయదు. వ్రాతకు ఆయువునిచ్చు సిరా పెన్నుకు శ్రమనిచ్చును. చాకలిలెక్కకు మొదటిది చాలును. మనుమలు చదువవలసిన పుస్తకమునకు రెండవది కావలెను. నేడు పెన్నులకు తగినట్లు మిక్కిలి మెత్తగా నూరిన రేణువుల సిరాలును, పులుపు తగ్గించిన ఇనుపసిరాలును దొరకుచున్నవి. బుడ్డిపై వ్రాసిన మాటను నమ్మవలసిన పనిలేదు. ఇంటిలోనే పరీక్షింపవచ్చును. ఒక కాగితముపై వేర్వేరు సిరాలతో ఒక్కొక్క పంక్తి వ్రాసి ఒక దినము ఆరనీయవలెను. తరువాత దానిని నిలువున మూడుముక్కలుగా కత్తిరింపవలెను. ఒకటి గంటసేపు నీటిలో నుంచవలెను. ఒకటి నెలదినములు ఎండలో నుంచవలెను. మూడవదానిని పెట్టెలో దాచి పిదప మూటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఏ సిరా నమ్మదగినదో అంతట తేలిపోవును.

ఇది వట్టి విలాసపు విచారమని తలపరాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనయు, 1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరదయు తెలుగువారు మరవలేనివి. అట్టి దేశమున సిరా నీటికి ఆగునా యను ప్రశ్న, ఇంటికప్పు వానకు ఆగునా యను ప్రశ్నవంటిదే.

పెన్నును కాపాడుట స్వల్పమైన పని. నెలకొకసారి పాళీని నాలుకను చల్లని మంచినీటితో కడుగవలెను. వేడినీరు ఎబొనైటునకు హితము గాదు. ఒక సిరాలో మరొక సిరాను కలుపరాదు. వ్రాయనపుడు మూత పెట్టవలెను. చాలకాలము వాడబోనిచో సిరా తీసివేసి ఆరబెట్టి దాచవలెను. ఇంతకన్న అది కోరునది లేదు.

బంతికలమును నిందింపవలసిన పనియు లేదు. 1938లో హంగేరీ దేశపు లాస్లో బిరో పేటెంటు పొందిన ఆ కలము చౌకగా లభించి కోట్లమంది చేతులకు వ్రాతను అందించినది. బంతికలముతో వ్రాసినను దినచర్య దినచర్యయే. పెన్ను లేదను నెపమున వ్రాయకుండుటకన్న సీసపుకడ్డీతో వ్రాయుట మేలు. బొగ్గుజాతికి చెందినదగుటచే పెన్సిలు వ్రాత ఎండకు పాలిపోదు, నీటికి కరగదు. రాపిడికి చెదరకుండ కాపాడినచో చాలును.

ఇప్పుడు వ్యాసుని నియమమునకు వత్తము. వేగముగా వ్రాయు కలము దొరకిన పిమ్మట ఏమి వ్రాయవలెను?

పుదుచ్చేరిలో ఆనందరంగపిళ్ళె అను వర్తకుడుండెను. ఆయన 1709లో పుట్టి 1761లో కీర్తిశేషుడయ్యెను. ఫ్రెంచి గవర్నరు డూప్లేకు ద్విభాషిగా పనిచేసెను. కస్తూరి రంగకవి తన ఆనందరంగరాట్ఛందమును ఆయనకే అంకితమిచ్చుటచే తెలుగు లాక్షణికులకు ఆయన పేరు సుపరిచితము. కృతిభర్తగా ఆయనకు దక్కిన కీర్తి పండితుల నడుమ నిలిచెను. లోకమంతయు ఆయనను తలచుట మాత్రము 1736 నుండి మరణకాలమువరకు తమిళమున తనకై వ్రాసికొన్న దినచర్యచేతనే. ఓడల రాకపోకలు, సరకుల ధరలు, దొరల మాటలు, వీథిలోని వదంతులు, ఇంటి శుభాశుభములు అందు కలవు. 1846వరకు ఆ పుస్తకములు లోకమునకు తెలియలేదు. ఆ యేట ఒక ఫ్రెంచివాడు వానిని వెలికితీసెను. 1904 నుండి 1928 వరకు అవి ఇంగ్లీషున పండ్రెండు సంపుటములుగా వెలువడినవి. దక్షిణదేశ చరిత్రకారులు ఆయన పుస్తకములను విడిచి ఆ కాలమును గూర్చి వ్రాయజాలరు.

తెలుగున ఏనుగుల వీరాస్వామయ్యగారు కలరు. ఆయన మద్రాసు సుప్రీము కోర్టున ద్విభాషి. 1830 మే 18న చెన్నపట్టణము విడిచి, హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా కాశికి పోయి, గయ, కలకత్తా, జగన్నాథముల మీదుగా 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చిరి. దారిపొడవున మజిలీలను, దూరములను, నీటివసతిని, అంగళ్ళను, నదులు దాటు విధమును, ఊరివారి ఆచారములను వ్రాసి మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెగారికి పంపుచుండిరి. వీరాస్వామయ్యగారి మరణానంతరము 1838లో శ్రీనివాసపిళ్ళెగారు దానిని కాశీయాత్రచరిత్రయను పేర అచ్చువేయించిరి. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని మరల ప్రకటించిరి. ఇది వాటర్‌మన్ పెన్నుకు అర్ధశతాబ్దమునకు పూర్వపుమాట. కలమెట్టిదైనను అలవాటు ముఖ్యమనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

వీరిద్దరును కవులు కారు. తమ కంటబడినది, చెవినబడినది నాటిదానిని నాడే వ్రాసికొనిరి. గొప్పవిషయములను వెదకి వ్రాయువారు చాలమంది యుందురు. ఆనాడు గొప్పయని తోచినది చాలవరకు మరునాటికే చిన్నదగును. చిన్నదని విడిచిన ధాన్యపుధరయే నూరేండ్లకు గొప్పదగును. తెలిసి వ్రాయుట యనగా పాండిత్యముతో వ్రాయుట కాదు. చూచినదానిని చూచినట్లును, వినినదానిని వినినదనియు వేరుపరచి వ్రాయుటయే.

గ్రామములకు ఈ అలవాటు క్రొత్తదికాదు. పూర్వము కరణముల యిండ్ల దండకవిలెలుండెడివి. ఊరు పుట్టిన విధము, దేవాలయమునకిచ్చిన మాన్యములు, చెరువు త్రవ్వించినవారి పేళ్ళు, వచ్చిపోయిన దొరతనములు అందు వ్రాయబడెడివి. 1754లో పుట్టి 1821లో గతించిన కర్నల్ కాలిన్ మెకంజీ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయముతో ఊరూరను కైఫీయతులను సేకరించినపుడు ఈ కవిలెలే వానికి ఆధారములైనవి. జీర్ణించుచున్న వానిని తరువాత బ్రౌను దొర మరల ఎత్తివ్రాయించెను. తమ ఊరి పూర్వచరిత్రను నేడు చదువగలుగుచున్న గ్రామములు ఆ వ్రాతలకు ఋణపడియున్నవి. ఆంధ్రప్రదేశమున 1984లో కరణీకము రద్దయ్యెను. ఆ పద్ధతిలోని మంచిచెడ్డల విచారణ ఈ సభకు సంబంధింపదు. కాని ఊరిమాటను తరతరములుగా ఒకచోట వ్రాసియుంచు చేయి ఒకటి దానితోపాటు తొలగెను. పొలపు లెక్కలు వ్రాయుటకు అధికారులు వత్తురు. ఏ యేడు చెరువు గండిపడినదో, ఊరంతయు కూడి ఏ రాత్రి దానిని పూడ్చెనో ఎవరు వ్రాయుదురు?

ఎవరో ఒకరు వ్రాయుచునే యున్నారు. రైతు తన చిట్టాపుస్తకములో నాట్లు వేసిన తేదిని, తొలకరి పడిన దినమును, కూలిధరను వ్రాసికొనును. ఇల్లాలు పాలలెక్క ప్రక్కన బిడ్డకు జ్వరము వచ్చిన నాటిని, పెండ్లికి వచ్చిన కట్నములను వ్రాసికొనును. ఉపాధ్యాయుడు తన డైరీలో బడికి రాని పిల్లల పేళ్ళను, రాకపోవుటకు కారణములను వ్రాసికొనును. వ్రాయుచున్నది చరిత్రయని వీరెవ్వరును తలపరు. ఇంటిపెద్ద పోయిన పిమ్మట పెట్టె తెరతురు. పట్టాకాగితములను, నోట్లను ప్రక్కకు తీసి, మిగిలిన పుస్తకములను పాతకాగితముల వానికి తూకము వేయుదురు. నలువదియేండ్ల జీవితము కిలోల లెక్కన గడప దాటును. ఆ కాగితములకు వచ్చు డబ్బు ఒక పూట కూరగాయలకును చాలదు. ఉప్పెన చేయు నష్టమునకు జనులు ఏడ్చెదరు. ఇండ్లలో నిశ్శబ్దముగా జరుగుచున్న ఈ నష్టమునకు ఏడ్చువారును లేరు.

నేడు చేతిఫోనునందు వ్రాసికొనువారును కలరు. అదియు మంచిదే. కాని వ్రాసినవాడు పోయినపుడు రహస్యపదము ఎవరికిని తెలియకున్నచో ఆ వ్రాత తాళపుచెవి పోయిన ఇనుపపెట్టెయగును. కావున ముఖ్యమైన దానిని ఏడాదికొకసారియైనను కాగితమునకెక్కించుట వివేకము.

వ్రాయదలచిన వారికి నియమములు కొన్ని చాలును. పుటకు పైన తేది, నెల, సంవత్సరము మూడును పూర్తిగా వేయవలెను. సంవత్సరము వేయని తేది చిరునామా లేని జాబువంటిది. మనుష్యులను ముద్దుపేళ్ళతో గాక పూర్తిపేళ్ళతో ఒక్కసారియైనను వ్రాయవలెను. ధర వ్రాసినచో కొలతను వ్రాయవలెను. బస్తా యనినచో ఎన్ని కిలోల బస్తాయో తెలియవలెను. అంచున రెండు వ్రేళ్ళ వెడల్పు ఖాళీ విడువవలెను, పురుగును తేమయు మొదట తాకునది అంచునే. దినమునకు నాలుగు పంక్తులు చాలును. ఒక దినము తప్పినచో కల్పించి పూరింపక ఖాళీగనే విడువవలెను. కోపముతో వ్రాసినదానిని మరునాడు కొట్టివేయక, క్రింద మరునాటి అభిప్రాయమును చేర్చవలెను.

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమున అచ్చుపుస్తకములకు బీరువాలు కలవు. వ్రాతపుస్తకములకు ఒక్క అర కేటాయించుట ఈ రజతోత్సవమునకు తగిన జ్ఞాపకము. ఇంటిపెద్దల చిట్టాలు, డైరీలు, జాబులకట్టలు అచ్చట భద్రపరుపవచ్చును. ఇంటిగుట్టు బయటపడునని జంకువారు, ఇన్నియేండ్లవరకు తెరువరాదని పైన వ్రాసి, గుడ్డలో చుట్టి, ముద్రవేసి ఇయ్యవచ్చును. గ్రంథాలయాధికారి ఆ మాటను దేవునిమాన్యమువలె కాపాడవలెను. నేలకు ఎత్తుగా, గోడకు ఎడముగా, ఎండ తగులని చోట నుంచి, ఏడాదికి రెండుసార్లు తీసి దులిపినచో చాలును. అచ్చుపుస్తకము పోయినచో డబ్బు పెట్టి మరియొకటి తేవచ్చును. వ్రాతపుస్తకమునకు రెండవ ప్రతి లోకమున లేదు.

స్వర్ణోత్సవము నాటికి ఆ అరలో కొన్ని పుస్తకములైనను చేరినచో, అప్పటి పిల్లలు తమ ఊరిని గూర్చి ఇతరులను అడుగవలసిన పని యుండదు. వినాయకుని నియమమును పెన్ను చెల్లించినది. వ్యాసుని నియమమును చెల్లించుట ఈ సభలోని ఒక్కొక్కరి వంతు. నేటి రాత్రి పడుకొనబోవుటకు ముందు, తేది వేసి, నాలుగు పంక్తులు వ్రాసినను ఆ పనికి శుభారంభమగును.

స్వస్తి.